మెట్ల కింద ఫైర్‌వాల్: ఫ్రీబీఎస్‌డీ హ్యాండ్‌బుక్‌లో ఒక అధ్యాయంపై నా రివ్యూ

ఎస్సార్ నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కి నెట్ నేనే చూసిపెడతాను. మూడంతస్తులు, 64 మంది పిల్లలు. సగం మంది గ్రూప్స్‌కి చదువుతున్నారు, మిగతా వాళ్లు అమీర్‌పేటలో కోర్సులు చేస్తున్నారు. పోయినేడాది ఒకరోజు హాస్టల్ నడిపే అక్క పిలిచి, "చెల్లె, కెమెరాలు నా ఫోన్ల చూస్కుంటున్న గదా, పిల్లల ఫోన్లల్ల గూడ కనవడ్తయా?" అని అడిగింది. చూస్తే నిజంగానే గేటు కెమెరాల రికార్డరు, ఆఫీసు కంప్యూటరు, 64 మంది ఫోన్లు, వాళ్లని చూడ్డానికొచ్చిన చుట్టాల ఫోన్లు, అన్నీ ఒకే వైఫైలో ఉన్నాయి. రికార్డరు పాస్‌వర్డు కొన్ననాటిదే. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, పాత ఆఫీసు కంప్యూటర్లు అమ్మే కొట్లో ఒక చిన్న డెస్క్‌టాపు, రెండు పోర్టుల నెట్‌వర్క్ కార్డు కలిపి 7,200కి తెచ్చాను. మిషన్‌కి ముందే ఉన్నదాంతో కలిపి మూడు పోర్టులు: ఒకటి బయటికి, ఒకటి పిల్లల ఫోన్లకి, ఒకటి ఆఫీసుకీ కెమెరాలకీ. దాంట్లో ఫ్రీబీఎస్‌డీ 14 (లినక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టం) వేసి మెట్ల కింద అలమరాలో పెట్టాం. మిషన్ ఎలా ఉందో చెప్పడానికి రెండు ముక్కలు చాలు: చల్లగా ఉంది, చప్పుడు లేదు. ఇక్కడ నేను రివ్యూ రాస్తున్నది ఆ మిషన్‌ని నడపడానికి నేను నమ్ముకున్న పుస్తకం గురించి, అంటే ఫ్రీబీఎస్‌డీ హ్యాండ్‌బుక్‌లోని ఫైర్‌వాల్స్ అధ్యాయం గురించి. ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్‌లోకి ఏది రావాలో, బయటికి ఏది పోవాలో మనం రాసిన రూల్స్ చూసి తేల్చే కాపలా. ఉచితంగా దొరుకుతుంది, ఇంగ్లీషులో ఉంటుంది, ఎవరైనా సరిదిద్దొచ్చు. ఆ మూడో మాట దగ్గరికి తర్వాత వస్తాను.

నా దగ్గర పనిచేసే కుర్రాడిది సూర్యాపేట. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత పాలిటెక్నిక్. అధ్యాయం మొదటి పేజీలు వాడితోనే చదివించాను. ఫ్రీబీఎస్‌డీలో మూడు ఫైర్‌వాల్స్ ఉన్నాయి: పీఎఫ్, ఐపీఎఫ్‌డబ్ల్యూ, ఐపీఫిల్టర్. "ఒక్క తలుపుకి మూడు తాళాలెందుకక్కా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఐపీఎఫ్‌డబ్ల్యూ ఫ్రీబీఎస్‌డీ సొంత బిడ్డ. పీఎఫ్ పుట్టింది పక్కింట్లో, ఓపెన్‌బీఎస్‌డీలో. అక్కడ అంతకుముందు ఐపీఫిల్టర్ వాడేవాళ్లు. దాని లైసెన్సు దగ్గర తగాదా వచ్చి దాన్ని తీసేస్తే, డేనియల్ హార్ట్‌మైయర్ మొదలుపెట్టిన పీఎఫ్ 2001 డిసెంబర్‌లో ఓపెన్‌బీఎస్‌డీ 3.0తో పాటు బయటికొచ్చింది. 2004లో ఫ్రీబీఎస్‌డీ 5.3తో ఇక్కడా స్థిరపడింది. మూడిట్లో ఏది ఎవరికి సరిపోతుందో అధ్యాయం తేల్చి చెప్పదు, మూడూ వడ్డించి ఊరుకుంటుంది. కొత్తవాళ్లకి ఇది బరువే. నన్నడిగితే పీఎఫ్‌తో మొదలుపెట్టండి. రూల్స్ చదివితే మాటల్లా ఉంటాయి. ఐపీఫిల్టర్ భాగం నేను తిప్పేసి వెళ్లిపోయాను, దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అధ్యాయంలో నాకు బాగా నచ్చింది మొదట్లో వచ్చే ఆలోచనల భాగం. రూల్స్ రాయడానికి రెండు పద్ధతులు: అన్నీ వదిలి కొన్నిటిని ఆపడం, లేదంటే అన్నీ ఆపి కొన్నిటిని వదలడం. రెండోదే మంచిదని ఎందుకంటారో అక్కడ నిదానంగా, ఎవర్నీ భయపెట్టకుండా చెప్పారు. మా వాడి నోట్‌బుక్‌లో దానికి "చెప్పనిదంతా బంద్" అని రాయించాను. కనెక్షన్ గుర్తుపెట్టుకోవడం అన్నది హాస్టల్ గేటు దగ్గర రిజిస్టరుతో పోల్చి చెప్తే వెంటనే ఎక్కింది. బయటికి వెళ్లేటప్పుడు పేరు రాసి వెళ్లిన పిల్ల తిరిగొస్తే వాచ్‌మన్ అడ్డుకోడు, పేరు లేని మనిషి వస్తే ఆపుతాడు. పీఎఫ్ ఆ రిజిస్టరుని తనే రాసుకుంటుంది.

రూల్స్ చదివే వరసలో మాత్రం పీఎఫ్‌కీ ఐపీఎఫ్‌డబ్ల్యూకీ పొత్తు కుదరదు. ఐపీఎఫ్‌డబ్ల్యూలో రూల్స్‌కి నంబర్లుంటాయి, పైనుంచి చూసుకుంటూ వస్తుంది, ఏది ముందు కుదిరితే ఆ మాటే చెల్లుతుంది. ఏదీ కుదరకపోతే అట్టడుగున 65535 నంబరు రూలు, మామూలుగా అది ఆపేసే రూలే. పీఎఫ్‌లో చివరగా కుదిరిన రూలు మాట చెల్లుతుంది, "క్విక్" అని రాస్తే తప్ప. ఇది అధ్యాయంలో ఉంది, సరిగ్గానే ఉంది. కానీ ఒక్క వాక్యంలో ఉంది. ఆ వాక్యం చదివీ నేను దెబ్బతిన్నాను. ఎలాగో తర్వాత చెప్తాను.

మొదటి రాత్రి తప్పు పూర్తిగా నాది. హ్యాండ్‌బుక్ మూసేసి, ఎక్కడో దొరికిన ఒక గైడ్‌లో రూల్స్ బాగున్నాయని ఎత్తి రాశాను. లోడ్ చేస్తే "నాట్-టు" (nat-to, లోపలి అడ్రసుని బయటి అడ్రసుగా మార్చమనే మాట) ఉన్న ప్రతి లైను దగ్గరా సింటాక్స్ ఎర్రర్. ఆ గైడ్ రాసినాయన తప్పేమీ రాయలేదు, ఓపెన్‌బీఎస్‌డీ వాడేవాళ్లకి రాశాడు. 2010లో ఓపెన్‌బీఎస్‌డీ 4.7 అడ్రసు మార్పిడి రూల్స్ రాసే తీరునే మార్చేసింది. అంతకుముందు "నాట్", "ఆర్‌డీఆర్" అని విడి లైన్లు ఉండేవి, అప్పటినుంచి అవి మామూలు రూల్స్‌లో కలిసిపోయాయి. ఫ్రీబీఎస్‌డీలో ఉన్న పీఎఫ్ ఆ మార్పుకి ముందటి ఓపెన్‌బీఎస్‌డీ 4.5 నాటి దాన్ని తెచ్చుకుని తన దారిన పెంచుకున్నది. పేరొకటే, యాస వేరు. వరంగల్ మాట, గుంటూరు మాట రెండూ తెలుగే అయినా అంగట్లో ఒక్కోసారి అర్థం కాకపోవడం లేదూ? ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ల పాఠాలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోమని హ్యాండ్‌బుక్ పీఎఫ్ భాగం మొదట్లోనే హెచ్చరిక పెట్టింది. ఆ పెట్టెలో ఉన్న నాలుగు ముక్కలు నేను ముందే చదివుంటే ఆ రాత్రి మిగిలేది.

ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. 2025 డిసెంబర్‌లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 15.0లో పీఎఫ్‌కి ఆ కొత్త యాస కూడా అర్థమవుతుంది. పాతదీ నడుస్తుంది, కొత్తదీ నడుస్తుంది. సంతోషమే. కానీ చదివేవాడి పరిస్థితి చూడండి. ఒకే ఉదాహరణ 15లో లోడవుతుంది, 14లో ఎర్రర్ ఇస్తుంది. పేజీ కింద చివరిసారి ఎప్పుడు మార్చారో తేదీ వేస్తారు, మంచి అలవాటు. అయితే కామా సరిచేసినా ఆ తేదీ మారుతుంది. పదేళ్ల కిందటి రూల్స్ నిన్నటి తేదీతో కనబడతాయి. ఈ అధ్యాయానికి నా అసలు కోరిక ఒక్కటే: ప్రతి ఉదాహరణ పైనా "ఇది ఫలానా వెర్షన్‌లో నడిపి చూశాం" అని ఒక్క లైను. మందు సీసా మీద తేదీ చూడకుండా మనం పిల్లలకి తాగించం కదా. ఫైర్‌వాల్ రూలు కూడా అంతే, ఎర్రర్ ఇచ్చి ఆగితే నయం. ఎర్రర్ ఇవ్వకుండా వేరే పని చేస్తేనే భయం.

అలా ఎర్రర్ లేకుండా ఇబ్బంది పెట్టిన రూల్ ఒకటుంది. హైదరాబాద్‌లో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ వెనక పీఎఫ్ పెట్టాలనుకునే ప్రతివాళ్లకీ ఇది పనికొస్తుంది కాబట్టి వివరంగా చెప్తాను. పీటర్ హాన్‌స్టీన్ రాసిచ్చిన పాఠం ఆధారంగా ఉన్న పీఎఫ్ భాగంలో, బయటి ప్రపంచంలో కనబడకూడని అడ్రసులన్నీ "మార్షియన్స్" అనే పేరు కింద పోగేసే ఉదాహరణ ఉంది. 10తో మొదలయ్యేవి, 172.16 వరసవి, 192.168వి, ఉదాహరణలు రాసుకోవడానికే కేటాయించిన 192.0.2 వరస, ఇంకొన్ని. ఆ అడ్రసుల నుంచి బయటి పోర్టులోకి ఏదొచ్చినా ఆపు, ఆ అడ్రసులకి బయటి పోర్టు నుంచి ఏది పోయినా ఆపు. రెండు లైన్లలోనూ "క్విక్" ఉంటుంది, అంటే అక్కడితో తీర్పు అయిపోయినట్టే. ఇంటర్నెట్‌కి నేరుగా తగిలిన మిషన్‌కి ఇది చక్కటి కాపలా.

మన ఇళ్లలో మిషన్ నేరుగా తగలదు. ముందు బ్రాడ్‌బ్యాండ్ వాళ్ల డబ్బా ఉంటుంది, దాని అడ్రసు 192.168.1.1. మన ఫైర్‌వాల్‌కి అడ్రసు ఇచ్చేదీ అదే, సైట్ల పేర్లకి అడ్రసులు వెతికిపెట్టేదీ అదే. రూల్స్ లోడ్ చేశాక బయటి అడ్రసుకి పింగ్ కొడితే జవాబు వస్తోంది, బ్రౌజరులో ఏ పేరు కొట్టినా తెరుచుకోవట్లేదు. ఫైర్‌వాల్ పేర్లు అడగాల్సింది 192.168.1.1ని, దాన్నేమో మేమే మార్షియన్ల లిస్టులో పెట్టాం. రెండు గంటలు కేబుళ్లు మార్చాం, వైఫై డబ్బాలు ఆపి వేశాం. చివరికి ఆపే రూల్స్‌కి "లాగ్" అని తగిలించి, ఆ లాగ్ వచ్చే పీఎఫ్‌లాగ్ మీద, వచ్చేపోయేవాటిని చూపించే టీసీపీడంప్ పెడితే, 192.168.1.1, పోర్టు 53 (పేర్లు అడిగే నంబరు) అని వరసగా పడుతున్నాయి. లాగ్ ఎలా చూడాలో అధ్యాయంలోనే ఉంది, మమ్మల్ని గట్టెక్కించింది ఆ భాగమే. ఆ ఒక్క అడ్రసుకి మార్షియన్ల రూల్ కన్నా పైన ఒక అనుమతి లైను, దానికీ "క్విక్" పెడితే పనైపోయింది. కొన్ని కనెక్షన్లలో బయటి అడ్రసే 10తో మొదలవుతుంది. అందుకని ఆ లిస్టు ఎత్తి రాసే ముందు మీ బయటి పోర్టుకి ఏ అడ్రసు వచ్చిందో, పేర్లు ఎవర్ని అడుగుతోందో చూసుకోండి. ఆ రెండు లైన్ల హెచ్చరిక ఉదాహరణ పక్కన ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక పోర్టుల లిస్టు. ఇవి కేబుల్ తగిలించే పోర్టులు కావు, ఏ సేవ కావాలో చెప్పే నంబర్లు. ఇంటి గేట్‌వే ఉదాహరణలో లోపలివాళ్లు బయటికి దేనికి వెళ్లొచ్చో ఒక లిస్టు ఉంది, నేను చదివిన రోజున అందులో ఫైళ్లు తెచ్చే ఎఫ్‌టీపీ, మెయిల్ తెచ్చే పాప్3, వార్తల గ్రూపుల ఎన్‌ఎన్‌టీపీ, ప్రోగ్రాముల సోర్సు దాచే సీవీఎస్ సర్వరు ఉన్నాయి, ఆ సోర్సు దించే సీవీసప్ వాడే 5999 కూడా ఉంది. ఫ్రీబీఎస్‌డీ సోర్సు సీవీఎస్ నుంచి సబ్‌వెర్షన్‌కీ, అక్కడినుంచి 2020 డిసెంబర్‌లో గిట్‌కీ వెళ్లిపోయింది. హాస్టల్ పిల్లల్లో ఎవరూ వార్తల గ్రూపులు చదవరు. వాళ్లకి కావలసింది వేరే: బ్రౌజర్లు క్విక్ ప్రోటోకాల్‌లో (QUIC, రూల్స్‌లో రాసే "క్విక్" కాదు) మాట్లాడే యూడీపీ 443, వీడియో కాల్స్ వెతుక్కునే యూడీపీ 3478, ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ ఆన్ చేసుకున్నవాళ్లకి 853. ఉదాహరణ ఉదాహరణేనని, మన అవసరానికి మార్చుకోమని పుస్తకం చెప్తూనే ఉంటుంది. తొందరలో మార్చుకోనిది నేను. మరుసటి రోజు సాయంత్రం రెండో అంతస్తు అమ్మాయి కిందికొచ్చి, "మేడం, మా అమ్మ మొహం కనిపిస్తలేదు, మాట గూడ ఆగి ఆగి వస్తుంది" అంది. ఆ పిల్ల వాళ్లమ్మకి చదువు రాదు. రోజుకోసారి వీడియోలో బిడ్డని చూసుకుంటే తప్ప అన్నం తినదట. నేను ఒక లిస్టుని కళ్లు మూసుకుని ఎత్తి రాస్తే అక్కడెక్కడో పల్లెలో ఒక తల్లికి రాత్రి భోజనం ఆలస్యమైంది. పిల్లల నెట్‌వర్క్ నుంచి బయటికి పోర్టుల లెక్క లేకుండా వదిలి, ఆఫీసు వైపుకి మాత్రం గట్టిగా మూశాను. నాకు కాపాడాల్సింది కెమెరాలు, పిల్లల కబుర్లని కాదు.

పోర్టు లిస్టులు కాలంతో పాటు ముసలివైపోతాయి. దూరం నుంచి మిషన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ మీద పాస్‌వర్డులు వెతికేవాళ్లని ఏరి పట్టే ఓవర్‌లోడ్ టేబుల్ భాగం మాత్రం ఈనాటికీ అక్షరం మార్చక్కర్లేదు. ఒకే అడ్రసు నుంచి 5 సెకన్లలో 15 కన్నా ఎక్కువ కనెక్షన్లు వస్తే ఆ అడ్రసు "బ్రూట్‌ఫోర్స్" టేబుల్లోకి వెళ్లిపోతుంది, ఉన్న కనెక్షన్లు కూడా తెగిపోతాయి. 86400 సెకన్లు, అంటే ఒక రోజు దాటిన అడ్రసుల్ని టేబుల్లోంచి ఎలా తీసేయాలో కూడా చెప్పారు. నేను చూసే ఒక ఆడిటరు గారి ఆఫీసులో దీన్ని అక్షరాలా అలాగే పెట్టాను, హాయిగా నడుస్తోంది. స్పామ్ ఆపే భాగం, ఎఫ్‌టీపీ ప్రాక్సీ భాగం ఇంకా ఎంతమందికి అక్కరకొస్తాయో గానీ, ఆ పేజీలు వెతుక్కునేవాళ్లు ఎక్కడో ఉంటారు, ఉండనివ్వండి.

ఇందాక ఆపిన దెబ్బ సంగతి. నేనుండేది మల్కాజిగిరి. హాస్టల్ మిషన్‌లోకి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ దారిలో ఇంటి నుంచే వెళ్తాను. ఒక రాత్రి, పిల్లల ఫోన్ల నుంచి ఎవరూ ఫైర్‌వాల్ మీదికే ఎస్ఎస్‌హెచ్ చేయకుండా ఒక ఆపే రూల్ రాశాను. ఏ పోర్టు వైపు నుంచో రాయడం మరిచిపోయాను. ఫైలు చివర్లో పెట్టాను. పీఎఫ్‌ని నడిపే కమాండు పీఎఫ్‌సీటీఎల్‌కి "ఎన్" ఇచ్చి ముందు పరీక్షించాను, తప్పులేమీ చెప్పలేదు. ఎందుకు చెప్తుంది, వ్యాకరణం సరిగ్గానే ఉంది. లోడ్ చేశాను. నా విండో ఆగలేదు, కమాండ్లు పనిచేస్తున్నాయి. అంతా బాగుందనుకుని బయటికొచ్చేశాను. తెల్లారి మళ్లీ వెళ్దామంటే తలుపు మూసుంది.

రూల్స్ మార్చినా పాత కనెక్షన్లు రిజిస్టరులో అలాగే ఉంటాయి. రాత్రి నా విండో బతికింది అందుకే. కొత్తగా వచ్చిన నన్ను చివరి రూల్ ఆపింది, పీఎఫ్‌లో చివరి మాటే చెల్లుతుంది కనక. రెండు సంగతులూ నాకు విడివిడిగా తెలుసు. కలిస్తే ఇలా అవుతుందని తోచలేదు. మెట్టుగూడ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, ఎస్సార్ నగర్‌లో దిగి, మెట్ల కింద కూర్చుని ఆఫీసు కంప్యూటరు మానిటర్ తగిలించుకుని ఒక్క పదం కలిపాను. పది సెకన్ల పని, రెండున్నర గంటల ప్రయాణం. హాస్టల్ నెట్ ఒక్క క్షణం ఆగలేదు. అక్క టీ ఇచ్చి, "ఏమాయె చెల్లె, పొద్దుగాల్నే?" అంటే జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఐపీఎఫ్‌డబ్ల్యూ వాడేవాళ్లకి ఈ గండానికి మందు సిస్టంలోనే ఉంది. ఉదాహరణల ఫోల్డర్లో రూల్స్ మార్చే ఒక చిన్న స్క్రిప్టు పెట్టారు. కొత్త రూల్స్ లోడ్ చేసి "సరేనా?" అని అడుగుతుంది, 30 సెకన్లలో జవాబు రాకపోతే పాతవి తిరిగి పెట్టేస్తుంది. దూరం నుంచి పనిచేసేవాళ్ల కష్టం తెలిసిన మనిషెవరో రాశారు, వాళ్లకి దండం. పీఎఫ్‌కి అలాంటిదే నేను రాసుకున్నాను: అయిదు నిమిషాల తర్వాత పాత ఫైలుని లోడ్ చేయమని ముందే పురమాయించి, ఆ తర్వాత కొత్తది లోడ్ చేసి, ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి చూసి, అది తెరుచుకుంటేనే ఆ పురమాయింపు రద్దు చేయడం. మొదటి విండో మూయకూడదు. పీఎఫ్ భాగంలో రూల్స్ లోడ్ చేసే కమాండ్ల పక్కనే ఈ పద్ధతి ఉండాలి, తర్వాతెక్కడో కాదు.

ఉండాలి అని ఊరుకుంటే సరిపోదు, అందుకే సరిదిద్దే పద్ధతి గురించి కూడా రాస్తున్నాను. 2021 జనవరిలో వీళ్లు డాక్యుమెంటేషన్ మొత్తాన్ని డాక్‌బుక్ ఎక్స్ఎంఎల్ నుంచి ఆస్కీడాక్‌కి మార్చారు. అంతకుముందు ట్యాగుల అడవిలో వాక్యం వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు మామూలు రాత ఫైలే. ఒక నియమం మాత్రం తప్పనిసరి, ఒక్కో వాక్యం ఒక్కో లైనులో రాయాలి. మొదట మా వాడికి వింతగా అనిపించింది. ఒక వాక్యం మార్చి తేడా చూస్తే సరిగ్గా ఆ వాక్యమే ఎర్రగా, పచ్చగా కనబడింది, పేరా అంతా కాదు. "దిద్దిన మాట ఒక్కటే కనిపిస్తుందక్కా" అని మురిసిపోయాడు. తప్పులు నమోదుచేసే వాళ్ల బగ్‌జిల్లా సైట్లో ప్యాచ్ పెట్టొచ్చు, గిట్‌హబ్‌లో ఉన్న కాపీ మీద మార్పు పంపొచ్చు. వాడు 192.168.1.1 హెచ్చరికకి రెండు వాక్యాలు, రెండో విండో పద్ధతికి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాశాడు. ఇంగ్లీషు నేను రెండు చోట్ల దిద్దాను, పనితనంలో దిద్దడానికేమీ దొరకలేదు. వాడి చేతే పంపించబోతున్నాను, ఏ వెర్షన్‌లో నడిపి చూశామో కూడా రాసి.

హ్యాండ్‌బుక్ భాషల వరసలో జర్మన్ ఉంది, జపనీస్ ఉంది, మంగోలియన్ కూడా ఉంది. తెలుగు కనబడదు. ఈ అధ్యాయం మొదటి పది పేజీలైనా తెలుగులో ఉంటే మా వాడు నన్నడిగిన ప్రశ్నల్లో సగం అడగక్కర్లేకపోయేది. వాడి నోట్‌బుక్ 40 పేజీలు నిండింది, టైప్ చేయడం మొదలుపెట్టాం.

నా రేటింగ్ 5కి 4. ఆలోచనల భాగానికీ, లాగ్ భాగానికీ, ఓవర్‌లోడ్ టేబుల్‌కీ పూర్తి మార్కులు. తగ్గించిన ఒకటి వెర్షన్ రాయని ఉదాహరణలకి. చదివే వరస కూడా చెప్తాను: ముందు ఆ హెచ్చరిక పెట్టె, తర్వాత లాగ్ భాగం, ఆ తర్వాతే రూల్స్. పార్క్‌లేన్‌లో పాత కీబోర్డు 150కి ఇస్తారు, చిన్న మానిటర్ 1,200కి దొరుకుతుంది. రెండూ కొని మెట్ల కింద మిషన్ పక్కనే వదిలేయండి.